ఎండ విటమిన్‌తో ఆ నరాల జబ్బు పోతుందా?



ఈ నెల ఈ పేజీ అంతా ఒక్క ఉత్తరానికే ఇస్తున్నాను. మోకాళ్ళ నొప్పుల గురించి, షుగరు గురించి రాసినవారు వచ్చే నెల దాకా ఓర్చుకోవాలి. ఈ ఉత్తరం ఆగేది కాదు.

కోనసీమలోని ఒక గ్రామం నుంచి ఒక తల్లి రాశారు. ఊరి పేరు, వారి పేరు ఇక్కడ చెప్పడం లేదు. వారి అమ్మాయికి 26 ఏళ్ళు. బి.ఇడి. చదివి, దగ్గర్లో ఉన్న స్కూల్లో పిల్లలకు లెక్కలు చెబుతోంది. రెండేళ్ళ కిందట ఉన్నట్టుండి కుడి కన్ను మసకబారింది. కన్ను అటూ ఇటూ తిప్పితే నొప్పి. మూడు వారాల్లో దానంతట అదే తగ్గిపోయింది కనుక ఎవరూ పట్టించుకోలేదు. ఏడాది తిరక్కుండా నడుము కింద నుంచి రెండు కాళ్ళూ మొద్దుబారాయి. కాలి చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. మెడ వంచితే వీపు వెంట కరెంటు షాకు కొట్టినట్టు జిల్లుమనేది. కాకినాడ తీసుకువెళ్ళి స్కాను తీయించి, వెన్ను నీరు పరీక్ష చేయించాక డాక్టరుగారు జబ్బు పేరు చెప్పారు: మల్టిపుల్ స్క్లెరోసిస్. రోజూ వేసుకోవలసిన మాత్రలు రాసిచ్చారు.

మాత్రలు మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది. ఈలోగా డల్లాస్‌లో ఉన్న మేనమామ ఫోనులో ఒక వార్త పంపాడట. ఈ జబ్బుకు అసలు కారణం డి విటమిన్ లోపమేననీ, పెద్ద మోతాదులో ఆ విటమిన్ తీసుకుంటే మందులతో పని లేదనీ దాని సారాంశం. ఊళ్ళో ఆర్.ఎం.పి. గారికి చూపిస్తే “నేనూ అదే అనుకుంటున్నాను” అని వారానికొక డి విటమిన్ ఇంజక్షను, 6 లక్షల యూనిట్లది, చేయడం మొదలుపెట్టారు. ఉత్తరం రాసేనాటికి నాలుగు అయ్యాయి. అమ్మాయి ఇప్పుడు, “అమ్మా, ఆ ఖరీదు మాత్రలు మానేస్తాను, ఎకరం పొలం తాకట్టు పెట్టించుకుని నేను బతకక్కరలేదు” అంటోందట. “ఆమె మాట వినమంటారా, వద్దంటారా? త్వరగా రాయండి” అని ఆ తల్లి అడిగారు.

అమ్మా, మీకు నేరుగా ఉత్తరం రాసి పోస్టు చేశాకే ఈ వ్యాసానికి కూర్చున్నాను. అందులో రాసిన రెండు మాటలే ఇక్కడా రాస్తున్నాను. మాత్రలు మానిపించకండి. ఐదో ఇంజక్షను చేయించకండి. ఎందుకో ఇప్పుడు తీరిగ్గా చెబుతాను. ఎందుకంటే ఇలాంటి సందేశాలు మీ మేనల్లుడు ఇంటికే కాదు, సంఘంలో ప్రతి ఇంటికీ వస్తున్నాయి.

ముందు జబ్బు సంగతి. మన చెరువుల గట్ల మీద ఏరేటర్లకు వేసే కరెంటు తీగలు చూశారు కదా. లోపల రాగి తీగ, పైన ప్లాస్టిక్ తొడుగు. తొడుగును ఎలుక కొరికితే తీగ తెగకపోయినా కరెంటు సరిగా పారదు. ఒకసారి మోటారు తిరుగుతుంది, ఒకసారి ఆగుతుంది. మన మెదడులో, వెన్నుపాములో, కంటి నరంలో ఉండే తీగలకూ అలాంటి తొడుగు ఉంది. దాని పేరు మైలిన్. రోగాలను తరిమేందుకు మన శరీరంలో ఉండే రక్షణ బలగం పొరపాటున ఆ తొడుగు మీదనే పడి కొరికేస్తుంది. కాపలాకు పెంచిన కుక్క ఇంటివారినే కరిచినట్టు. కంటి నరం దగ్గర కొరికితే చూపు మసక. వెన్నుపాములో కొరికితే కాళ్ళు మొద్దు. కొన్ని వారాల్లో వాపు తగ్గి, తొడుగు కొంత అతుక్కుని, మనిషి బాగుపడినట్టే కనిపిస్తాడు. మళ్ళీ కొన్ని నెలలకో, ఏళ్ళకో ఇంకోచోట. పోయి వచ్చే ఈ స్వభావం వల్లనే మొదటిసారి ఎవరూ గుర్తుపట్టరు. 1868లో పారిస్‌లో షార్కో అనే వైద్యుడు దీన్ని విడి జబ్బుగా వర్ణించాడు. 20 నుంచి 40 ఏళ్ళ లోపు వారికి, మగవారికంటే ఆడవారికి రెండు మూడింతలు ఎక్కువగా వస్తుంది. పక్షవాతం కాదు. అంటువ్యాధి కాదు.

ఇక డి విటమిన్ మాట. మీ తమ్ముడుగారు పంపిన వార్త పూర్తిగా గాలి కబురైతే ఒక్క వాక్యంలో తోసిపుచ్చేవాణ్ణి. అందులో నిజం కొంత ఉంది, అందుకే ప్రమాదం.

ఈ జబ్బు భూమధ్యరేఖకు దగ్గర ఉన్న దేశాల్లో తక్కువ, దూరం పోయేకొద్దీ ఎక్కువ. మంగుళూరులో లెక్క తీస్తే లక్ష మందిలో సుమారు 8 మందికి ఉన్నట్టు 2014లో ప్రచురించారు. ఉత్తర ఐరోపా దేశాల్లో లక్షకు వంద దాటుతుంది. అక్కడ ఏడాదిలో సగం రోజులు ఎండ పేరుకే ఉంటుంది. ఇంకొక చిత్రం చూడండి. మన దేశం నుంచి, పాకిస్తాను నుంచి ఇంగ్లండు వెళ్ళి స్థిరపడిన పెద్దవారిలో ఈ జబ్బు తక్కువగానే ఉంది గాని, అక్కడే పుట్టిపెరిగిన వారి పిల్లల్లో మాత్రం ఇంగ్లీషువారితో సమానంగా కనబడిందని 1990లో అక్కడి వైద్యులు రాశారు. రక్తం అదే, ఊరు మారింది. అంటే చిన్నతనంలో పెరిగిన చోట ఏదో ఉంది. ఆ “ఏదో” ఎండ కావచ్చునన్న అనుమానం అంతకు చాలా ఏళ్ళ ముందే మొదలైంది.

2006లో అమెరికా సైన్యంలో దాచి ఉంచిన రక్తపు నమూనాలు తీసి చూశారు. 70 లక్షల మందికి పైగా సైనికుల్లో తరువాతి కాలంలో ఈ జబ్బు వచ్చిన 257 మంది రక్తాన్ని, అది రాకముందు తీసిన రక్తాన్ని, పరీక్షించారు. తెల్లవారిలో డి విటమిన్ బాగా ఉన్నవారికి, అతి తక్కువ ఉన్నవారికంటే ఈ జబ్బు వచ్చే అవకాశం 62 శాతం తక్కువ. నల్లవారిలో ఆ తేడా స్పష్టంగా కనబడలేదు, ఈ సంగతి సందేశాల్లో ఎవరూ రాయరు. 2015లో, పుట్టుకతోనే డి విటమిన్ తక్కువగా ఉండే జన్యువులున్నవారిలో ఈ జబ్బు ఎక్కువని తేలింది. కాబట్టి డి విటమిన్ తక్కువ కావడం ఈ జబ్బుకు దారితీసే కారణాల్లో ఒకటని చెప్పడానికి బలమైన ఆధారమే ఉంది.

ఒకటి అన్నాను, ఒక్కటే అనలేదు. 2022లో అదే సైన్యంలో కోటి మంది రికార్డులు చూసి, ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్ సోకినవారికి ఈ జబ్బు వచ్చే అవకాశం 32 రెట్లు పెరుగుతుందని తేల్చారు. ఆ వైరస్ ప్రపంచంలో దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది. కొద్దిమందికే ఈ జబ్బు వస్తుంది. జన్యువులు, పొగతాగడం, చిన్ననాటి ఊబకాయం, ఇవన్నీ తలా ఒక చెయ్యి వేస్తాయి.

వరి వేసేవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. దుబ్బులు చిక్కగా నాటి, కాలిబాటలు తీయకుండా, నీరు నిలవగడితే దోమపోటు వచ్చే అవకాశం ఎక్కువ. అందుకని నాటేటప్పుడే జాగ్రత్తపడాలి. కాని దోమ పట్టి చేను సుడులు సుడులుగా మాడుతున్నప్పుడు “నీరు తీసేశాం కదా, ఇక మందు కొట్టక్కరలేదు” అంటే పంట దక్కుతుందా? నీరు తీయాలి, మందూ కొట్టాలి. జబ్బు రాకుండా కాపాడేది వేరు, వచ్చిన జబ్బును ఆపేది వేరు. మీ తమ్ముడుగారి సందేశం ఈ రెంటినీ కలిపేసింది.

జబ్బు వచ్చినవారికి డి విటమిన్ ఇచ్చి చూడలేదా అంటే, చూశారు. అమెరికాలో కొందరికి రోజుకు 5,000 యూనిట్లు, కొందరికి 600 యూనిట్లు, అందరికీ మామూలు మందుతో పాటే, ఇచ్చి పోల్చారు. 2023లో ఫలితం వచ్చింది: జబ్బు తిరగబెట్టడంలో తేడా లేదు. 2025లో ఫ్రాన్సు నుంచి కొంత ఆశ కలిగించే మాట వచ్చింది. జబ్బు తొలి దశలో ఉండి ఇంకా వేరే మందులు మొదలుపెట్టని సుమారు 300 మందిలో సగం మందికి రెండు వారాలకొకసారి లక్ష యూనిట్ల చొప్పున రెండేళ్ళు ఇచ్చారు. స్కానులో కొత్త మచ్చలు రావడం, జబ్బు తిరగబెట్టడం కలిపి లెక్కేస్తే, విటమిన్ తీసుకున్నవారిలో నూటికి 60 మందికి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో నూటికి 74 మందికి జబ్బు కదిలింది. తేడా ఉంది. కాని విటమిన్ తీసుకున్నవారిలోనూ నూటికి 60 మందికి జబ్బు ఆగలేదు! తిరగబెట్టడం ఒక్కటే విడిగా చూస్తే గట్టి తేడా లేనేలేదు. ఈ అంకెలు చూసి ఎవరైనా మాత్రలు మానేస్తారా? మీ అమ్మాయి లెక్కల టీచరు గదా, ఆమెనే వేసి చూడమనండి.

ఇప్పుడు మన ఊళ్ళ సంగతికి వద్దాం. ఈ ఉత్తరం చదివినప్పుడు మా ఇంట్లో వాళ్ళు, “మనకు ఎండకేం కరువు, డి విటమిన్ తక్కువ ఎలా అవుతుంది?” అన్నారు. నేనూ ఉద్యోగంలో ఉన్నంత కాలం అలాగే అనుకున్నాను. తిరుపతి స్విమ్స్‌లో డాక్టర్ హరినారాయణ్ గారు, వారి బృందం 2008లో ప్రచురించిన అంకెలు చూసి నోరు మూసుకున్నాను. వారు చూసిన పల్లెటూరి మనుషులు పొద్దున్న 8 గంటలకు పొలం వెళ్ళి సాయంత్రం 5 దాకా ఎండలో ఉండే రైతు కుటుంబాలవారు. ఆ మగవారిలో 44 శాతం మందికి, ఆడవారిలో 70 శాతం మందికి డి విటమిన్ లోపం ఉంది. పల్లెటూరి ఆడవారిలో సరిపడా ఉన్నది నూటికి ఒక్కరికి. పట్నవాసుల్లో లోపం మగవారికి 62, ఆడవారికి 75 శాతం.

కారణాలు చాలా ఉన్నాయి. మన చర్మంలోని నలుపు మనకు గొడుగు. ఎండ దెబ్బ నుంచి కాపాడుతుంది, డి విటమిన్ తయారీని నెమ్మది చేస్తుంది. ఆడవారికి ఒళ్ళంతా బట్ట, తల మీద కొంగు. తిండిలో సున్నపు పాలు, అంటే కాల్షియం, తక్కువ. ధాన్యంలో ఉండే ఫైటేట్ అనే పదార్థం ఆ కాస్త కాల్షియాన్నీ ఒంటికి పట్టనివ్వదు. కాల్షియం చాలకపోతే ఒంట్లో ఉన్న డి విటమిన్ త్వరగా ఖర్చయిపోతుంది.

ఇంకొక పొరపాటు మనందరిదీ. “పసిపిల్లల్ని లేత ఎండలో చూపించండి, డి విటమిన్” అని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. నేనూ ఎందరో బాలింతలకు చెప్పాను. తిరుపతిలోనే, చర్మంలో ఉండే ముడిపదార్థాన్ని చిన్న గాజు గొట్టాల్లో పోసి గంట గంటకు ఎండలో పెట్టి చూశారు. పగలు 11 నుంచి 2 గంటల మధ్య ఎండలోనే అది ఎక్కువగా విటమిన్‌గా మారింది. పొద్దుటి ఎండ ఒంటికి హాయి, విటమిన్‌కు అంతంతమాత్రం. గుర్తు పెట్టుకోవడానికి తేలిక లెక్క ఒకటుంది: మీ నీడ మీకంటే పొట్టిగా ఉంటే ఆ ఎండలో విటమిన్ తయారవుతుంది, నీడ మీకంటే పొడుగైతే పెద్దగా లాభం లేదు.

అయితే అమ్మా, ఇది చదివి అమ్మాయిని మిట్టమధ్యాహ్నం డాబా మీదికి పంపేరు! ఆగండి. ఈ జబ్బున్నవారికి వేడి పడదు. తొడుగు పోయిన నరం ఒంటి వేడి కొద్దిగా పెరిగినా పని చేయడం మానేస్తుంది. 1890లోనే ఉథాఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు ఇది గమనించాడు. “ఎండాకాలం స్కూలు నుంచి నడిచి వచ్చేసరికి కన్ను మళ్ళీ మసకబారుతోంది, జబ్బు తిరగబెట్టిందేమోనని ఏడుస్తోంది” అని మీరు రాశారు. నీడన కూర్చుని, చల్లటి నీళ్ళతో మొహం కడుక్కుంటే గంటలో సర్దుకుంటోందన్నారు. అది తిరగబెట్టడం కాదు, వేడి వల్ల వచ్చే తాత్కాలిక మసక. ఒక రోజు దాటినా తగ్గకుండా కొత్త బాధ నిలిచిపోతే, జ్వరం లేకుండా ఉంటే, అప్పుడు డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి. మూత్రంలో ఇన్‌ఫెక్షను వచ్చినా, జ్వరం వచ్చినా పాత బాధలు పైకి లేస్తాయి. ముందు వాటిని చూడమనాలి.

మన డెల్టాలో మార్గశిరం నుంచి మాఘం దాకా, అంటే డిసెంబరు, జనవరి నెలల్లో, 11 గంటల ఎండ భరించేట్టే ఉంటుంది. చేతులు, కాళ్ళు ఎండ తగిలేలా ఒక పావుగంట, వారానికి కొన్ని రోజులు, ఒళ్ళు వేడెక్కకముందే లేచి వచ్చేయడం, అది చాలు. మార్చి నుంచి ఆమెకు ఎండ వద్దు, డాక్టరు రాసిన మాత్ర చాలు. ఆదివారం ఆరాధనలో ఆమెను ఫ్యాను కింద కూర్చోనివ్వండి. ఏప్రిల్, మే నెలల్లో షామియానాల కింద పెట్టే కూటములకు రాలేదని ఎవరూ తప్పు పట్టవద్దు.

తిండి సంగతి. డి విటమిన్ తిండిలో దొరికేది తక్కువ. కొవ్వున్న చేపల్లో ఉంటుంది. వరద కాలంలో గోదావరికి ఎదురీదే పులస అందరికీ అందేది కాదు. కాకినాడ, అంతర్వేది రేవుల్లో చవగ్గా దొరికే కానాగంతలు, కవళ్ళు ఆ పని చేస్తాయి. గుడ్డులో పచ్చసొన తీసి పారేయకండి. 2018 నుంచి పాలలో, వంటనూనెల్లో ఏ, డి విటమిన్లు కలిపి అమ్మడానికి ప్రభుత్వ ఆహార ప్రమాణాల సంస్థ నియమాలు చేసింది; ప్యాకెట్టు మీద నీలం రంగులో ప్లస్ గుర్తు, ఎఫ్ అక్షరం ఉంటుంది. కాల్షియానికి పాలు, పెరుగు, రాగులు, తోటకూర, ముల్లుతో సహా తినే చిన్న చేపలు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దవారికి రోజుకు 600 యూనిట్ల డి విటమిన్ కావాలని లెక్క కట్టింది. రోజుకు 4,000 యూనిట్లు దాటవద్దని హద్దు కూడా పెట్టింది.

మాటల్లో మాట. ఎముకలు మెత్తబడే జబ్బును డి విటమిన్ లోపం వల్లనా అని తేల్చడానికి రక్తంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో చూడాలి. ఆ పరీక్షను 1925లో అమెరికాలో ఫిస్కేతో కలిసి కనిపెట్టినవారు మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. పుట్టింది భీమవరం, 1895లో. చిన్నప్పుడు చదివింది రాజమండ్రిలో. భీమవరం పిల్లలకు ఆయన పేరు తెలియకపోతే తప్పు మనది.

ఇక ఆ ఇంజక్షన్ల లెక్క. ఒక్కొక్కటి 6 లక్షల యూనిట్లు. నాలుగు అంటే 24 లక్షలు. రోజుకు 600 చొప్పున భాగించండి. 4,000 రోజులు. దాదాపు పదకొండేళ్ళకు సరిపడా విటమిన్ ఒక్క నెలలో ఆ పిల్ల ఒంట్లోకి వెళ్ళింది! నీళ్ళలో కరిగే బి, సి విటమిన్లు ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతాయి. డి అలా పోదు. కొవ్వులో దాక్కుని నెలల తరబడి కొంచెం కొంచెంగా బయటికి వస్తూనే ఉంటుంది. అప్పుడు రక్తంలో కాల్షియం పెరుగుతుంది. ఎడతెగని దాహం, మాటిమాటికి మూత్రం, వాంతులు, మలబద్ధకం, మందమైన మతి, కండరాల నీరసం. ముదిరితే మూత్రపిండాల్లో రాళ్ళు, ఆపైన మూత్రపిండాలే పాడవడం. ఇందులో అసలు చిక్కు ఏమిటంటే, నీరసం, మలబద్ధకం, మూత్రం ఇబ్బంది ఆమెకున్న జబ్బులోనూ ఉంటాయి. విషం ఎక్కుతుంటే “జబ్బు పెరుగుతోంది, ఇంకో ఇంజక్షను వేద్దాం” అనుకునే ప్రమాదం ఉంది.

బ్రెజిల్ నుంచి పాకిన ఒక పద్ధతిలో రోజుకు పదివేల యూనిట్లకు పైబడి ఇస్తారు. దానికి సరైన పరీక్షల బలం లేదు. దాన్ని నమ్మేవారు కూడా కాల్షియం, మూత్రపిండాల పరీక్షలు తరచూ చేయించమనే చెబుతారు. ఆ మాట ఫోను సందేశాల్లోకి ఎక్కదు.

కాబట్టి ఈ వారంలోనే మూడు పరీక్షలు చేయించండి: రక్తంలో కాల్షియం, క్రియాటినిన్, 25 హైడ్రాక్సీ విటమిన్ డి. ఆ కాగితాలు, ఇంజక్షన్ల ఖాళీ సీసాలు లేదా పెట్టెలు తీసుకుని కాకినాడ డాక్టరుగారి దగ్గరకే వెళ్ళండి. “మిమ్మల్ని అడగకుండా చేయించాం” అని చెప్పడానికి సిగ్గుపడకండి. వాంతులు, దాహం ఇప్పటికే ఉంటే రేపటిదాకా ఆగవద్దు. ఈలోగా కాల్షియం మాత్రలు ఇంట్లో ఉంటే ఆపండి. ఇతర పాఠకులకు కూడా ఒక మాట: డాక్టర్లు రాసే 60,000 యూనిట్ల పొట్లం వారానికొకటి. రోజుకొకటి అనుకుని వేసుకున్నవారిని నేను చూశాను. చీటీ మీద రాసింది అర్థం కాకపోతే మందుల షాపులో మళ్ళీ అడగండి.

డి విటమిన్ అసలు వద్దని నేను అనడం లేదు. ఈ జబ్బున్న వారిలో లోపం ఉంటే దాన్ని పూడ్చాలి. ఎముకల కోసమైనా పూడ్చాలి, స్టెరాయిడ్లు వాడినవారికి మరీ అవసరం. 20 నానోగ్రాముల కంటే తక్కువ ఉంటే లోపమనే అంటారు. పూడ్చే పని మాత్రం చూసిన డాక్టరు చేతిలో, పరీక్ష కాగితం ఎదురుగా జరగాలి.

మాత్రల ఖర్చు గురించి. పొలం తాకట్టు అనగానే నా గుండె కలుక్కుమంది. ఆ పిల్ల అలా అనడంలో ఆశ్చర్యం లేదు. ఆడపిల్లలు ఇంటి ఖర్చు ముందు తమ ఆరోగ్యం తగ్గించుకునే మన అలవాటు అది. కాని ఈ మందులు ఉన్న బాధ తగ్గించడానికి కాదు, రాబోయే దాడులు తగ్గించడానికి. అందుకే వేసుకుంటుంటే ఏమీ తెలియదు, మానేస్తే వెంటనే ఏమీ కాదు. ఒక్కో దాడి ఎంతో కొంత మచ్చ మిగిల్చి పోతుంది. పైగా ఫింగోలిమాడ్ వంటి కొన్ని మందులు ఉన్నట్టుండి మానేస్తే జబ్బు ముందుకంటే ఉధృతంగా తిరగబెట్టవచ్చు. మానకండి గాని డాక్టరుగారిని నిర్భయంగా అడగండి: ఇదే మందు వేరే కంపెనీది తక్కువ ధరకు ఉందా, ఇంకో చవక మందు నాకు పనికొస్తుందా అని. ఒకే మందు ధరలో కంపెనీకీ కంపెనీకీ చాలా తేడా ఉంటుంది. ఇంకొకటి కూడా అడగండి. న్యూరోమయిలైటిస్ ఆప్టికా అని ఇలాగే కంటినీ వెన్నునూ పట్టే ఇంకో జబ్బుంది. దాని మందులు వేరు. దీని మందుల్లో కొన్ని దానికి చెరుపు చేస్తాయి. దానికి రక్త పరీక్ష ఉంది. చేశారో లేదో కనుక్కోండి.

2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టంలో ఈ జబ్బును పేరుపెట్టి చేర్చారు. వైకల్యం 40 శాతం, ఆపైన ఉందని సదరం పరీక్షలో తేలితే సర్టిఫికెట్టు వస్తుంది. మీ అమ్మాయికి ఇప్పుడు అంత లేదు, రాకూడదనే మన కోరిక. సంగతి తెలిసి ఉంటే మంచిది. ఈ జబ్బున్నవారి కోసం 1985లో మొదలైన మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియాకు హైదరాబాదులో శాఖ ఉంది. ఇదే జబ్బుతో ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటున్న ఆడవారితో ఒక్కసారి మాట్లాడిస్తే అమ్మాయికి నా వ్యాసం కంటే ఎక్కువ ధైర్యం వస్తుంది.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టిన వాక్యం వేరే ఉంది. “ఉపవాస ప్రార్థనలో ఒకరు, ఈ ఇంట్లో ఏదో ఒప్పుకోని పాపం ఉంది అన్నారు, అప్పటి నుంచి పిల్ల గుడికి రావడం లేదు” అని రాశారు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి, వీడు చేసిన పాపమా, వీడి తల్లిదండ్రులు చేసిన పాపమా అని శిష్యులు అడిగితే ప్రభువు ఏమని జవాబిచ్చాడో యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో ఉంది. ఆ మాట అన్నవారు ఈ పత్రిక తెప్పించుకునేవారే అయి ఉంటారు. వెళ్ళి ఆ పిల్లను పలకరించి రండి.

చివర్లో చిన్న అక్షరాలతో, కొట్టేసి మళ్ళీ రాసిన ప్రశ్న ఒకటి ఉంది: “పెళ్ళి చేయవచ్చునా?” చేయవచ్చు. అవతలివారికి జబ్బు సంగతి దాచకుండా చెప్పి చేయండి. పిల్లలు పుడతారు. ఐరోపాలో 254 మంది తల్లులను గమనించి 1998లో ప్రచురించిన పరిశీలనలో, గర్భం చివరి మూడు నెలల్లో ఈ జబ్బు దాడులు బాగా తగ్గాయి, కాన్పయ్యాక మొదటి మూడు నెలల్లో పెరిగాయి. కాబట్టి బాలింతగా ఉన్నప్పుడు జాగ్రత్త ఎక్కువ కావాలి. తల్లికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం నూటికి రెండు మూడు మాత్రమే. అయితే గర్భం ధరించక ముందే డాక్టరుకు చెప్పాలి, ఎందుకంటే టెరిఫ్లునమైడ్ వంటి మందులు కడుపులో బిడ్డకు పనికిరావు; వాటిని ముందుగా ఆపి, ఒంట్లోంచి పోయేలా చేసి, వేరే మందు చూస్తారు.

డి విటమిన్ మాట నిజంగా పనికొచ్చేది అక్కడే. గర్భం తొలి నెలల్లో తల్లికి డి విటమిన్ బాగా తక్కువగా ఉంటే, పుట్టిన బిడ్డకు పెద్దయ్యాక ఈ జబ్బు వచ్చే అవకాశం దాదాపు రెట్టింపని ఫిన్లాండులో 2016లో చూశారు. కాబట్టి మీ అమ్మాయి ఒక్కతే కాదు, ఇది చదువుతున్న ప్రతి గర్భిణీ, ప్రతి కొత్త కోడలూ, తన డాక్టరును డి విటమిన్ గురించి ఒక్క మాట అడగాలి.

అమ్మా, ఆ మూడు పరీక్షల ఫలితం రాగానే అంకెలు నాకు రాసి పంపండి. కాల్షియం అంకె ముందు రాయండి.